విల్లుకి తగిన కర్ర

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించో, రక్తపోటు గురించో మాట్లాడుకుంటాం. రెండూ పెరిగేవే, రెండూ మన చేతిలో లేనివే. అందుకని ఈసారి వేరే విషయం చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను అటవీ శాఖలో ముప్ఫయి నాలుగు సంవత్సరాలు పనిచేసిన వాణ్ణి. నాకు తెలిసింది కర్ర. కాబట్టి కర్ర గురించే చెబుతాను. అయితే తలుపుకీ, మంచానికీ పనికొచ్చే కర్ర కాదు. విల్లుకి పనికొచ్చే కర్ర.

రాముడి విల్లు, అర్జునుడి విల్లు అని చిన్నప్పటినుంచీ వింటూ వచ్చాం. హరికథల్లో విన్నాం, నాటకాల్లో అట్టముక్క విల్లులు చూశాం. కాని ఆ విల్లుకి కర్ర ఎక్కడిది, ఎప్పుడు కొట్టారు, ఎలా ఆరబెట్టారు అని అడిగినవాళ్ళు తక్కువ. అడిగితే చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఇంకా తక్కువ. అసలు సంగతి అదే. చివర్లో మళ్ళీ అక్కడికి వస్తాను.

ముందుగా విల్లు చేసే పని ఏమిటో చూద్దాం. విల్లుని వంచినప్పుడు శత్రువు వైపు ఉండే ముఖం సాగుతుంది. మన వైపు ఉండే ముఖం నలుగుతుంది. ఒకే కర్ర ఒక పక్క లాగుడుకీ, ఇంకో పక్క నొక్కుడుకీ ఓర్చుకోవాలి. వదలగానే ఏమీ జరగనట్టు మళ్ళీ యథాస్థితికి రావాలి. దూలానికి బలం ఉంటే చాలు. విల్లుకి బలంతోబాటు ఓర్పు కావాలి. అందుకే అడవిలో వెయ్యి చెట్లున్నా విల్లుకి పనికొచ్చేవి నాలుగైదు జాతులకు మించవు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించిన అధ్యాయం ఉంది. అందులో విల్లులు నాలుగు రకాల పదార్థాలతో చేస్తారని ఉంది. తాటి చేవ, వెదురు జాతి, కొయ్య, కొమ్ము. మన గోదావరి జిల్లాల వారికి తాటి చేవ గురించి నేను చెప్పనక్కరలేదు. ముదురు తాటిచెట్టు లోపలంతా మెత్తగా ఉంటుంది. చుట్టూ ఉన్న నల్లని చేవ మాత్రం ఇనుములా ఉంటుంది. పాత పెంకుటిళ్ళ వాసాలు చూసినవాళ్ళకు తెలుసు. కొమ్ముతో చేసిన విల్లును మనవాళ్ళు సింగిణి అన్నారు. విష్ణుమూర్తి శార్ఙ్గానికి కూడా ఆ పేరు శృంగం నుంచి, అంటే కొమ్ము నుంచే వచ్చింది.

కొయ్యల్లో చెప్పుకోదగ్గది సంస్కృతంలో ధన్వనం అనే చెట్టు. పేరులోనే ధనుస్సు ఉంది. మనవైపు చరచి అనీ, కొన్నిచోట్ల తడ అనీ అంటారు. ఈ కర్రనే బండి పోలుగర్రలకూ కావడి బద్దలకూ వాడేవారు. కావడి బద్ద ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. రెండు బిందెల బరువుకి వంగుతుంది, అడుగు అడుగుకీ ఊగుతుంది, దించగానే నిటారుగా నిలబడుతుంది. కావడి మోసిన కర్రే విల్లు కూడా అవుతుంది.

అయితే మన దేశంలో సామాన్యుడి విల్లు వెదురే. క్రీస్తుపూర్వం 480లో పర్షియా చక్రవర్తి గ్రీసు మీదికి దండెత్తినప్పుడు ఆ సైన్యంలో భారతీయులు కూడా ఉన్నారనీ, వాళ్ళు నూలు బట్టలు కట్టి, వెదురుబొంగు లాంటి రెల్లు విల్లులు, ఇనుప మొనల అమ్ములు పట్టుకున్నారనీ గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఆ తరవాత అలెగ్జాండర్ వెంట వచ్చిన నియార్కస్ చెప్పిన మాటల్ని ఆరియన్ అనే ఆయన నమోదు చేశాడు. ఇక్కడి కాల్బలం వాళ్ళ విల్లు మనిషంత పొడవుంటుందట. దాన్ని నేలకు ఆనించి, ఎడమ కాలితో తొక్కిపట్టి లాగేవారట.

ఇక కర్ర ఎంపిక సంగతి. వెదురులో మనకు ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి ముళ్ళ వెదురు. లావుగా, పొడుగ్గా పెరుగుతుంది, లోపల గుల్ల. రెండోది సాధనపు వెదురు. సన్నగా ఉంటుంది, గోడ మందం, ఎండ కాచే కొండవాలుల్లో పెరిగితే దాదాపు గట్టి కర్రే. పోలీసువారి లాఠీ ఇదే. విల్లుకి సాధారణంగా మందమైన గోడ ఉన్న వెదురే ఎంచుతారు.

వెదురు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చెట్టు ఏటేటా లావెక్కుతుంది. వెదురు లావెక్కదు. ఎంత లావుతో నేలలోంచి మొలిచిందో చచ్చేదాకా అంతే లావు. మూడు నాలుగు నెలల్లో పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. చూడ్డానికి పెద్దదే, లోపల మాత్రం నీళ్ళే. గట్టిపడటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడి సంగతి కూడా అంతే కదా. కుర్చీ మొదటి రోజే వస్తుంది, పని తెలియడానికి మూడేళ్ళు పడుతుంది.

అయితే పక్కపక్కన నిలబడ్డ బొంగుల్లో ఏది లేత, ఏది ముదురు అని తెలియడం ఎలా? మారేడుమిల్లి అడవుల్లో ఒక కొండరెడ్డి పెద్దాయన ఎలా చూసేవాడో చెబుతాను. ఆయన పొద చుట్టూ ఒకసారి తిరిగేవాడు. కణుపుల దగ్గర పొట్ట ఇంకా అంటుకుని, మీద తెల్లటి బూడిద లాంటి పొడి ఉంటే ఈ ఏటిది, దాని జోలికి పోకూడదు. పొట్ట రాలి, నున్నగా పచ్చగా మెరుస్తుంటే ఇంకా కుర్రది. పచ్చదనం మాసి, మీద తెల్లని మచ్చలు, నాచు మరకలు పడితే ముదిరిందని లెక్క. అప్పుడు కత్తి వెనకవైపుతో తట్టేవాడు. లేత బొంగు బొదబొదమంటుంది. ముదురుది కంగున పలుకుతుంది. మరీ ముసలిదైతే మళ్ళీ మోత చచ్చిపోతుంది. ఆయనకు కొలతబద్ద లేదు, పుస్తకం లేదు. చెవి ఉంది.

విచిత్రమేమిటంటే, ఆ పెద్దాయన చెప్పినదే వాసిష్ఠ ధనుర్వేదం అని పేరున్న సంస్కృత గ్రంథంలోనూ ఉంది. పక్వానికి రానిది విరుగుతుంది, మరీ పాతది బిరుసుగా ఉంటుంది, కాలినదీ తొర్ర ఉన్నదీ అసలు పనికిరావు అని దాని సారాంశం. ఇంకో నియమం కూడా ఉంది. విల్లులో కణుపులు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో ఉండాలి కాని, నాలుగు, ఆరు, ఎనిమిది కూడదట. ఇది శకునం కోసం పెట్టిందని కొట్టిపారేయవచ్చు. కాని నాకు తోచేది వేరు. కణుపులు బేసి సంఖ్యలో ఉంటే ఒక కణుపు సరిగ్గా పిడికిలి దగ్గర, నడుమ పడుతుంది. పట్టు దగ్గర గట్టిదనం, అటూ ఇటూ సమానమైన వంపు. మన పెద్దలు చాలా లెక్కల్ని శాస్త్రం పేరుతో కాక ఆచారం పేరుతో దాచిపెట్టారు.

ఇదే వెదురు మేదరివారి చేతికి వెళితే వాళ్ళు ముదురు బొంగు వద్దంటారు. బుట్టకూ చాటకూ లేత వెదురే కావాలి. అది పట్టులా చీలుతుంది, చెప్పినట్టు వంగి అలాగే ఉండిపోతుంది. వంగి అలాగే ఉండిపోయేది బుట్ట. వంగి మళ్ళీ లేచేది విల్లు.

కోత ఎప్పుడు? వానాకాలంలో కోయకూడదు. అడవిలో కూడా వానాకాలం వెదురు కోతకు సెలవు. ఆ రోజుల్లోనే నేలలోంచి కొత్త కొమ్ములు మొలుస్తాయి. మనుషులూ గొడ్లూ పొదలో తిరిగితే అవి విరిగిపోతాయి. పైగా అప్పుడు బొంగుల్లో నీరెక్కువ. చలికాలంలో, అంటే కార్తీకం దాటాక కోసిన వెదురులో నీరూ తక్కువ, పిండిపదార్థమూ తక్కువ. ఈ పిండే పురుగుకి భోజనం. వెదురు వస్తువు కింద పసుపుపచ్చని పొడి రాలుతుంటే మీరు చూసే ఉంటారు. అది ఆ పురుగు పనే. అమావాస్య దగ్గర కోస్తే పురుగు పట్టదని పల్లెల్లో నమ్ముతారు. నేను వాదించను. పురుగు మాత్రం చంద్రుణ్ణి చూసి రాదు, పిండిని చూసి వస్తుంది.

ఎలా కోయాలి? నేలకు జానెడు, మూరెడు ఎత్తున, కణుపుకు సరిగ్గా పైన ఏటవాలుగా కోయాలి. కణుపు కింద కోస్తే మిగిలిన మొదలు గిన్నెలా తయారై, నీళ్ళు నిలిచి, కుళ్ళు వేళ్ళదాకా దిగుతుంది. పొద అంచున ఉన్న లేతవాటిని వదిలి, లోపలి ముదురువాటిని తీయాలి. అన్నీ కొట్టేయకుండా కొన్ని ముదురువాటిని పొదకు ఆసరాగా ఉంచాలి. మా శాఖ నియమాల్లో ఉన్నదీ ఇదే, కొండరెడ్డి పెద్దాయన చేసినదీ ఇదే.

కోశాక ఆరబెట్టడం. అసలు పని ఇక్కడే. చాలామంది తొందరపడేదీ ఇక్కడే.

పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. పోగుల మధ్య బోలులో కొంత, పోగుల గోడల్లో పట్టుకుని కొంత. మామూలు కొయ్యలో ముందు బోలులోని నీరు పోతుంది. అంతవరకూ కొయ్య బరువు తగ్గుతుందే కాని ముడుచుకోదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది. అప్పుడు ముడుచుకుంటుంది, అప్పుడే నెర్రెలిస్తుంది, అప్పుడే బలమూ వస్తుంది. వెదురు తీరు వేరు. అది మొదటి రోజునుంచే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. అందుకే కోసిన వెంటనే ఎండలో పారేస్తే కణుపు నుంచి కణుపుకి నిలువునా పగులుతుంది.

కొయ్యకైనా వెదురుకైనా నియమం ఒక్కటే. నీడ ఉండాలి, గాలి ఆడాలి, నేల తగలకూడదు. కర్ర కొనల గుండా నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. అందుకే పగుళ్ళు కొనల దగ్గరే మొదలవుతాయి. మన వడ్రంగులు దుంగల కొనలకు పేడ మెత్తడం ఇందుకే. ఈ రోజుల్లో మైనమో రంగో పూస్తారు. కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. వారానికొకసారి తూకం వేయండి. మూడు నాలుగు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టే. కొయ్యకు అంగుళం మందానికి ఏడాది అని పాతకాలపు లెక్క.

వెదురుని కొన్నిచోట్ల ముందు పారే నీటిలో కొన్ని వారాలు నానబెడతారు. పిండీ చక్కెరా నీటిలోకి పోయి పురుగుకి ఆకలి మిగులుతుంది. తరవాత పొయ్యి మీది అటక ఎక్కిస్తారు. రోజూ వంట పొగ తగిలి నెమ్మదిగా ఆరుతుంది, పురుగు దరి చేరదు. వంట గ్యాసు వచ్చి మనకు సుఖమైంది కాని, పొగ అటకలు పోయాయి.

ఆరిన కర్రను రంపంతో కోయకూడదు, చీల్చాలి. రంపం గీసిన గీత వెంట పోతుంది, నారను అడ్డంగా తెంపుతుంది. చీలిక నార వెంట పోతుంది. తెగిన నార ఉన్న చోటే విల్లు విరుగుతుంది. వెదురులో గట్టి పోగులన్నీ పై చర్మం దగ్గర దట్టంగా ఉంటాయి, లోపలికి పోయిన కొద్దీ మెత్తన. అందుకే పై చర్మం మీద కత్తి పెట్టకుండా లోపలివైపు నుంచి చిత్రిక పడతారు. వంకర ఉంటే నిప్పుల సెగ చూపించి సరిచేస్తారు. సెగకు కర్ర మెత్తబడి చెప్పినట్టు వింటుంది, చల్లారాక ఆ రూపులోనే నిలుస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా. సెగ తెలిసినవాడి చేతిలో మాను కూడా వంగుతుంది.

ఆ తరవాత అసలైన ఓపిక. కొద్దిగా వంచి చూడటం, రెండు రెక్కలూ సమంగా వంగుతున్నాయా అని చూడటం, బిరుసున్న చోట రెండు గీకులు గీకడం, మళ్ళీ వంచడం. తీసిన చెక్కను తిరిగి అంటించలేం. కాబట్టి తక్కువ తీసి ఎక్కువసార్లు చూడాలి.

అల్లెత్రాటికి కూడా అర్థశాస్త్రం పట్టిక ఇచ్చింది. మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, నరం వగైరా. మూర్వ అంటే మనం చాగ అనే నారమొక్క. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలన్నిటినీ పరిశీలించిన రాక్స్‌బర్గ్ దొర పేరే శాస్త్రజ్ఞులు ఆ మొక్కకు పెట్టారు. ఇక వెదురు విల్లుకి వెదురు పేలికే నారిగా కట్టడం భిల్లులలోనూ, బస్తరు వైపూ ఉన్న పద్ధతి. రెండు వేల ఏళ్ళనాటి పట్టికలోని మాట అడవిలో బతికే ఉందన్నమాట.

మన దగ్గరే ఇంత ఉందా అంటే, లోకమంతా ఇంతే. ఇంగ్లండు వారి పొడవాటి విల్లు యూ అనే చెట్టుది. దాని పైన తెల్ల చెక్క లాగుడుకి ఓర్చుకుంటుంది, లోపల ఎర్రటి చేవ నొక్కుడుకి ఓర్చుకుంటుంది. రెండూ కలిసి వచ్చేలా ఒకే ముక్క తీసేవారు. విల్లుల కోసం చెట్లు కొట్టీ కొట్టీ చాలక, 1472లో వాళ్ళొక చట్టం చేశారు. దేశంలోకి వచ్చే ఓడలు టన్ను సరుక్కి నాలుగు విల్లు కర్రల చొప్పున తేవాలని. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. ఆ ఓడ నుంచి 170కి పైగా విల్లులు దొరికాయి. నాలుగు వందల ఏళ్ళు సముద్రం అడుగున ఉన్నా వాటిలో చాలా భాగం చెక్కుచెదరలేదు.

ఇక నా మనసులో మాట. విల్లు సరే, కర్ర ఎవరిది?

1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కకట్టింది. శాస్త్రప్రకారం అది గడ్డిజాతి. చట్టం దృష్టిలో చెట్టు కనుక అడవిలో పుట్టి పెరిగిన మనిషి విల్లుకోసం ఒక బొంగు కోసుకున్నా అనుమతి ప్రశ్న వచ్చేది. అదే కాలంలో కాగితం మిల్లులకు లారీల కొద్దీ వెదురు గుత్తకు వెళ్ళేది. నేను ఆ లారీలకు రవాణా పర్మిట్లు రాసిన తరానికి చెందినవాణ్ణి. అది ఆనాటి విధానం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద అడవి బిడ్డలకు హక్కు ఇచ్చింది. 2011లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా గ్రామసభ తన వెదురుకు తానే రవాణా పర్మిట్లు ఇచ్చుకునే అధికారం పొందింది. 2017లో అడవి బయట పెరిగే వెదురును చట్టంలోని చెట్ల జాబితా నుంచి తొలగించారు. అంటే మన పొలం గట్టు మీద వెదురు ఇప్పుడు ఆ చట్టానికి చెట్టు కాదు.

హక్కు వచ్చింది. కాని ఈలోగా విద్య జారిపోతోంది. 1972 వన్యప్రాణి చట్టం తరవాత వేట నేరం. అది సరైన చట్టమే, నేను దాన్ని అమలు చేసినవాణ్ణే. వేట లేక విల్లు మూలన పడింది. పండగకో, పెళ్ళికో, ఢిల్లీ నుంచి వచ్చిన అతిథికి బహుమానానికో మిగిలింది. విల్లు చేతబట్టినవాళ్ళు ఉన్నారు, కర్రను తట్టి చెవితో వినేవాళ్ళు పోతున్నారు. ఈ లోటు భర్తీ చేయడానికి ఏ నోటిఫికేషనూ పడదు.

విల్లుకి భవిష్యత్తు లేదా అంటే ఉంది. రాజస్థాన్ గిరిజన యువకుడు లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె విల్లు ఆధునిక యంత్రం లాంటిది. కాని మన జాతీయ పోటీల్లో వెదురు విల్లులకు ఇండియన్ రౌండ్ పేరుతో ప్రత్యేక విభాగం ఉంది. పేద పిల్లలు విలువిద్యలోకి వచ్చే గుమ్మం అదే. ఆ గుమ్మానికి కర్ర కావాలి, కర్ర తెలిసిన మనిషి కావాలి.

కాబట్టి మిత్రులకు నావి మూడు విన్నపాలు.

మొదటిది. మనలో ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసిన ఉపాధ్యాయులు, రెవెన్యూవారు, వైద్యశాఖవారు ఎందరో ఉన్నారు. అక్కడ మీరు విన్న చెట్ల పేర్లు, కర్ర కోత పద్ధతులు, విల్లు భాగాల పేర్లు గుర్తున్నంతవరకూ ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. ఏ ఊళ్ళో విన్నారో, ఏ భాషలో విన్నారో కూడా రాయండి. తప్పొప్పులు తరవాత చూసుకోవచ్చు.

రెండవది. ఊళ్ళో గట్టు ఉన్నవారు ఒక వెదురు పొద నాటండి. కానీ ఒక మాట. వెదురు ముప్ఫయి నలభై ఏళ్ళకు ఒకసారే పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. ఆ గింజలు ఏరి మళ్ళీ చల్లాలి. అది మన మనవల పని. వాళ్ళకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

మూడవది మన అవసరం. మనలో చాలామందికి చేతికర్ర వచ్చింది, రానివారికి రాబోతోంది. బజారులో రంగు చూసి కొనకండి. ముదురు సాధనపు వెదురు, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది, చలికాలంలో కోసినది, నీడలో ఆరినది చూసి తీసుకోండి. నేలకు కొట్టి చూడండి, కంగుమనాలి. కొంచెం బరువు ఆనించి వంచితే వంగి లేవాలి. విల్లుకి చూసే పరీక్షే ఇదీ.

మనవలకు విల్లు చేసి ఇచ్చే తాతలకు ఒక హెచ్చరిక. బాణం లేకుండా నారి లాగి వదలనివ్వకండి. బాణం మోసుకుపోవలసిన శక్తి తిరిగి విల్లులోకే వచ్చి రెక్కలు విరుగుతాయి. మనిషి వైపు గురిపెట్టనివ్వవద్దని వేరే చెప్పనక్కరలేదు.

వాన పట్టిన విల్లు పట్టు వదిలేస్తుంది, ఎండకు పెళుసెక్కిన విల్లు విరుగుతుంది. వాడని వేళ నారి విప్పి, నీడన తగిలించి ఉంచాలి.  భోజనాల వేళ అయింది, అడ్డుపడను. సెలవు.